ఒక్క స్టార్ ఇచ్చినవాళ్లు

ఆఫీసులో ఆమెను అందరూ కత్తెర అనేవాళ్లు. సినిమాల మీద జనం రాసి పంపే అభిప్రాయాలన్నీ చదివి, బూతులున్నవీ, సినిమాతో సంబంధం లేని సొంత గోడు వెళ్లబోసుకున్నవీ తీసిపారేసి, మిగతావి వెబ్‌సైట్‌లోకి వదలడం ఆమె పని. మూడో అంతస్తులో కిటికీ లేని గది, చప్పుడు చేసే ఏసీ, ఒక చక్రం ఊడిన కుర్చీ. ఏడేళ్లుగా అదే కుర్చీలో ఒక పక్కకు ఒరిగి కూర్చోవడం అలవాటై, బస్సులోనూ ఒరిగే కూర్చునేది.

ఆ వారం ఒక పెద్ద సినిమా వచ్చింది. అందగాడైన ఒక మోసగాడు ఒంటరి ఆడవాళ్లను ప్రేమలోకి దించి దోచుకుని మాయమవుతుంటాడు. ఆఖరికి ఒకామె మీద వాడికి నిజంగానే మనసవుతుంది. గోడల నిండా పోస్టర్లు వేశారు. తీరా విడుదలయ్యాక జనం దుమ్మెత్తిపోశారు.

"హీరో మోసగాడని హీరోయిన్‌కి తప్ప సీట్ల కింద తిరిగే ఎలుకలక్కూడా తెలిసిపోయింది" అని ఒకాయన రాశాడు. "ప్రేమా లేదు, మోసమూ లేదు. మోసపోయింది టికెట్టు కొన్న నేనే" అని ఇంకొకరు. "ఇంటర్వెల్‌లో నన్ను నిద్ర లేపినందుకు మా ఆవిడతో రెండు రోజులు మాట్లాడలేదు" అని మరొకాయన. కత్తెర నవ్వుకుంటూ వరసగా వదులుతోంది. మధ్యాహ్నం టీ చల్లారిపోయే వేళకు ఒక అభిప్రాయం దగ్గర ఆమె చెయ్యి ఆగింది. పంపినామె పేరు బదులు "గడియారాలావిడ" అని పెట్టుకుంది.

"ఒక్క స్టార్. అతను ఇలా ఉండడు. సినిమాలో పూలగుత్తి పట్టుకొస్తాడు. పూలు తెచ్చేవాడిని ఎవరైనా అనుమానిస్తారు. అతను బాగా నడుస్తున్న గడియారం తెచ్చి, ఆగి ఆగి నడుస్తోందండీ అన్నాడు. మూడుసార్లు విప్పి చూశాను. ఏ లోపమూ లేదు. ఆ మూడుసార్లలో మాటలు కలిశాయి. సినిమాలో హీరో వాగుతూనే ఉంటాడు. అతను మాట్లాడడు, వింటాడు. తిన్న పళ్లెం తానే కడిగి, బోర్లించకుండా గోడకు ఆనించి నిలబెడతాడు. తీసినవాళ్లకు ఏమీ తెలియదు."

రూలు ప్రకారం అది సొంత గోడు. తీసెయ్యాలి. కానీ పళ్లెం దగ్గర ఆమెకు ఏదో గుచ్చుకుంది. దాన్ని తియ్యలేదు, వదల్లేదు. పక్కన పెట్టి ఇంటికి వెళ్లింది.

ఇంట్లో అమ్మ, అక్క, తను. అక్క కళ్లద్దాల షాపులో చూపు పరీక్ష చేస్తుంది. పెళ్లి మాటెత్తితే "నాకు దూరపు చూపు లేదమ్మా" అని నవ్వేసి, ముప్పై ఎనిమిదేళ్లు తెచ్చుకున్న మనిషి. ఆరు నెలల కిందట ఒకతను షాపుకొచ్చి, అక్షరాలు అలుక్కుపోతున్నాయండీ అన్నాడు. అక్క మూడుసార్లు పరీక్ష చేసింది. అతని చూపు నిక్షేపంలా ఉంది. "కళ్లు బాగానే ఉన్నాయి, చదివే పుస్తకమే బాగాలేదేమో" అని అక్క అందట. ఆ మాటకు అతను అరగంట నవ్వాడట. వచ్చే నెలలో పెళ్లి.

ఆ సాయంత్రం అతను భోజనానికి వచ్చాడు. సన్నని మనిషి. ఎడమ కనుబొమ్మలో చిన్న గాటు, అక్కడ వెంట్రుకలు మొలవవు. అమ్మ తన మోకాళ్ల నొప్పుల గురించి చెబుతుంటే, ప్రపంచంలో అంతకన్నా ముఖ్యమైన సంగతి లేనట్టు తల కొంచెం వంచి విన్నాడు. భోజనమయ్యాక అమ్మ వద్దు బాబూ అంటున్నా లేచి పళ్లెం కడిగాడు. గోడకు ఆనించి నిలబెట్టాడు. ఆ దృశ్యం కత్తెర కొన్ని నెలలుగా చూస్తోంది. ఆ రోజు మాత్రం కళ్లు తిప్పుకోలేకపోయింది. పళ్లెం అంచు నుంచి నీటిచుక్కలు ఒక్కొక్కటే గట్టు మీద పడుతున్నాయి.

"ఏంటి కత్తెర గారూ, నన్ను కూడా కత్తిరించేలా చూస్తున్నారు?" అన్నాడు అతను నవ్వుతూ.

"ఏం లేదండీ, ఆఫీసు తలనొప్పి" అంది ఆమె.

మర్నాడు పొద్దున్నే ఆమె ఏడేళ్లలో మొదటిసారి రూలు తప్పింది. గడియారాలావిడ అభిప్రాయాన్ని ఉన్నదున్నట్టు వెబ్‌సైట్‌లోకి వదిలింది. రెండు గంటలు తిరక్కుండానే దాని కింద జవాబొచ్చింది. రాసినామె ఒక పళ్ల ఆసుపత్రిలో నర్సు.

"అక్కా, మీరెవరో నాకు తెలియదు. అతనికి ఎడమ కనుబొమ్మలో గాటుందా? నా దగ్గరికి నొప్పి లేని పన్ను పట్టుకొచ్చాడు. అతని చిన్నప్పటి కథ విని కరిగిపోయాను. జ్వరంతో కాలిపోతుంటే వాళ్ల నాన్న వీపున వేసుకుని, నీళ్లెక్కిన వంతెన దాటించాడట. ఒక చెప్పు కొట్టుకుపోతే, రెండోది చచ్చేదాకా అటక మీద దాచుకున్నాడట."

గడియారాలావిడ వెంటనే రాసింది: "అది మా నాన్న. ఆ జ్వరం నాది. వీపు మీదున్న పిల్లని నేను. అతను నా నగలన్నీ తీసుకుపోయాడు, పోతే పోయాయి. కానీ అప్పటి నుంచీ ఆ వంతెన తలుచుకుంటే వీపు మీద నేను కనబడటం లేదు, అతను కనబడుతున్నాడు."

కత్తెర కుర్చీలోంచి లేచి నిలబడింది. రెండు నెలల కిందట తమ ఇంట్లో, తమ బల్ల దగ్గర ఆ చెప్పు కథ చెబుతూ అతను కళ్లు తుడుచుకున్నాడు. అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. కొట్టుకుపోయింది ఎడమ చెప్పని కూడా చెప్పాడు.

ఆమె వెంటనే అక్క పనిచేసే షాపుకు వెళ్లి, పరీక్ష గదిలో తలుపు వేసి ఫోన్ చేతికిచ్చింది. గోడ మీద అక్షరాల బోర్డు ఒక్కటే వెలుగుతోంది. అక్క మొదటి రెండూ చదివి ఫోన్ తిరిగిచ్చేసింది.

"పళ్లెం కడిగిన మగాళ్లందరూ దొంగలైతే, కడగనివాళ్లు మహాత్ములా? గాట్లు ఎంతమందికి ఉండవే?"

"చెప్పు కథో?"

"ఆ రాసినవాళ్లు విని ఉంటారు. ఎక్కడో చదివి ఉంటారు. నా పెళ్లంటే నీకెందుకే అంత..." అని ఆగింది. అన్నాక తనకే బాధేసింది.

కత్తెర ఫోన్ మళ్లీ చేతిలో పెట్టింది. నర్సు ఇంకొకటి రాసింది. తన దగ్గర కూడా ఒక జ్ఞాపకం పోయిందని. చిన్నప్పుడు, చనిపోయిన అమ్మకు ఉత్తరాలు రాసి అడ్రసు లేకుండా పోస్టు చేసేదట. ఒక రోజు పోస్ట్‌మాన్ ఆ ఉత్తరాలన్నీ కట్టగట్టి తెచ్చి, "అమ్మ చదివేసిందమ్మా, దాచుకోమంది" అని ఇచ్చాడట. ఆ సంగతి అతనికి తప్ప ఎవరికీ చెప్పలేదట.

అక్క చదివింది. మళ్లీ చదివింది. చూపు పరీక్షకు వచ్చినవాళ్లు కూర్చునే కుర్చీలో నెమ్మదిగా కూర్చుంది.

"ఇది నాకొక్కదానికే చెప్పాడు" అంది. "లిఫ్టులో. కరెంటు పోయినప్పుడు. చీకట్లో చెప్పాడు. చివర్లో 'దాచుకోమంది' అని ఆగి, ఊపిరి పీల్చాడు."

కత్తెర ఫోన్ తిరిగి తీసుకుంది. తర్వాత అక్కే అడిగింది, చిన్నపిల్లలా. "నా దగ్గర ఏది తీసుకున్నాడంటావ్?"

"నువ్వేం చెప్పావు?"

"అమ్మమ్మ సంగతి."

అమ్మమ్మకు చూపుండేది కాదు. అక్క ఏడేళ్ల వయసులో ఆమెను చెయ్యి పట్టుకుని బజారుకు తీసుకెళుతూ, గారడీవాడు కనబడగానే చెయ్యి వదిలి పరిగెత్తింది. వెనక్కి చూసేసరికి అమ్మమ్మ రోడ్డు మధ్యలో చేతులు చాచి నిలబడి ఉంది, రెండు పక్కలా బండ్లు. ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తరు. కత్తెరకూ సగమే తెలుసు.

ఆ రోజు అతను ఊళ్లో లేడు. పని మీద వెళ్లాడు, రెండు రోజుల్లో వస్తానన్నాడు.

మర్నాడు ఆ సినిమాకు ఒక ఐదు స్టార్ల అభిప్రాయం వచ్చింది. ఆ వారం అదొక్కటే. కత్తెర దాన్ని తెరిచి చదివింది.

"అందరూ ఎందుకు తిడుతున్నారో తెలియదు. నాకు చాలా నచ్చింది. నిన్న సాయంత్రం మేమిద్దరం కలిసి చూశాం. ఆసుపత్రి సీన్‌లో ఆయన ఏడ్చేశారు. చిన్నప్పుడు గుడ్డి అమ్మమ్మ చెయ్యి వదిలి గారడీ చూడ్డానికి పరిగెత్తారట. ఆమె బండి కింద పడి పోయిందట. ఇన్నేళ్లుగా మోస్తున్నారు పాపం. ఇంత మెత్తని మనిషి ఉంటాడా అనిపించింది."

అక్క అది చదివి, ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. ఫోన్ తీసి అతనికి చేసింది. కత్తెర పక్కనే చెవి ఆనించింది.

"ఆ, చెప్పు" అన్నాడు అతను. ఎప్పటిలాగే చల్లని గొంతు.

"గడియారం ఇప్పుడు సరిగ్గా నడుస్తోందా?" అని అడిగింది అక్క. "పన్ను నొప్పి తగ్గిందా?"

అవతల నిశ్శబ్దం. తత్తరపాటు లేదు, ఊపిరి వేగం పెరగలేదు. అతను ఫోన్ పెట్టెయ్యలేదు. తల కొంచెం వంచి ఉంటాడని అక్కాచెల్లెళ్లిద్దరికీ తెలుస్తూనే ఉంది.

"వింటున్నాను" అన్నాడు చివరికి, ఎంతో ఆప్యాయంగా. "చెప్పు. ఇంకా చెప్పు."

ఫోన్ వేడిగా తగిలినట్టు అక్క కిందపడేసింది. ఆ తర్వాత ఆ నంబరుకు ఎప్పుడు చేసినా మోగలేదు.

ప్రేక్షకులకు సొంతంగా ఉత్తరాలు రాయకూడదన్నది ఆఫీసులో అన్నిటికన్నా పెద్ద రూలు. కత్తెర అదీ తప్పింది. తన పేరు, తన పని ఏవీ రాయకుండా, జరిగింది మాత్రం చెప్పి ఐదు స్టార్ల ఆమెకు పంపింది. సాయంత్రానికల్లా జవాబొచ్చింది.

"మీరు పొరబడ్డారు. మీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. శ్రద్ధగా విన్నారు. కోపం రాలేదు. కత్తెర గారిని అడిగానని చెప్పమన్నారు. మీ అక్క గారు వస్తే నాకు సంతోషమే, ఆమెను చూడాలనుంది." కింద అడ్రసు ఉంది.

"వెళ్లొద్దు" అంది అమ్మ. అమ్మకు అప్పటికి అన్నీ చెప్పేశారు. రెండు రోజులుగా ఆమె ఆ పళ్లెం ముట్టుకోలేదు. "వాడు మిమ్మల్ని రప్పించుకుంటున్నాడే. పోలీసులకు చెప్పండి."

పోలీసులకూ చెప్పారు. రాసుకునే ఆయన పెన్ను పక్కన పెట్టి, "మీ ఇంట్లోంచి ఏం పోయిందమ్మా?" అని అడిగాడు. అక్క నోరు తెరిచి, మూసుకుంది.

మర్నాడు పొద్దున బస్సెక్కి, నాలుగు గంటలు ప్రయాణం చేసి ఆ ఊళ్లో దిగారు. అడ్రసు తాళాల కొట్టుది. కింద కొట్టు, పైన ఇల్లు. మేకులకు వందలకొద్దీ తాళంచెవులు వేలాడుతున్నాయి. తలుపు తీసినప్పుడు వచ్చిన గాలికి అన్నీ ఒక్కసారి కదిలి మెల్లగా గలగలలాడాయి. నలభై దాటిన బలమైన మనిషి, వేళ్లకు గ్రీజు మరకలతో, వాళ్లను చూసి లేచింది.

"మీరు వస్తారని ఆయన చెప్పారు" అంది. "పొద్దున్నే బయటికెళ్లారు. వాళ్ల అక్కకు మనసు బాగుండదు, కూర్చోబెట్టి మంచినీళ్లివ్వు అన్నారు."

"మీ దగ్గరికి ఏం తెచ్చాడు?" అని అడిగింది అక్క.

ఆమె అనుమానంగా చూసింది. "తాళం. పట్టేస్తోంది అన్నారు."

"పట్టేసిందా?"

తాళాలామె బల్ల సొరుగులోంచి ఒక ఇత్తడి తాళం తీసి, చెవి పెట్టి తిప్పింది. వెన్నలా తెరుచుకుంది. మూసి, మళ్లీ తెరిచింది. "అయినా ఆయన కథలు అబద్ధం కావు" అంది మొండిగా. "ఆ అమ్మమ్మ గురించి చెప్పేటప్పుడు వణికిపోయారు. ఎవరైనా అలా నటిస్తారా?"

"అమ్మమ్మ పోలేదండీ" అంది అక్క.

ఇంట్లో ఎవరూ ఎత్తని ఆ సంగతి అక్క బయటి మనిషికి చెబుతుంటే కత్తెర ఆమె వైపు చూసింది.

"అతనికి నేను సగమే చెప్పాను. చెయ్యి వదిలాను, రోడ్డు మధ్యలో నిలబెట్టేశాను అన్నంత వరకే. అక్కడికే ఏడుపొచ్చి ఆపేశాను. మిగతాది అతను అల్లుకున్నాడు. అమ్మమ్మ ఆ తర్వాత పద్నాలుగేళ్లు బతికింది. బండ్లవాళ్లు ఆగి ఆమెను పక్కకు తీసుకొచ్చారు. నేను తిరిగొచ్చి కాళ్లకు చుట్టుకుని ఏడుస్తుంటే, ఆమె తడుముతూ నా మొహం పట్టుకుంది. కొడుతుందనుకున్నాను. 'ఎలాగూ పోయి చూసొచ్చావుగా పిల్లా, నోట్లోంచి నిప్పు తీశాడా? రంగు ఎలా ఉంది? మొత్తం చెప్పు' అంది. ఇంటికెళ్లేదాకా చెబుతూనే ఉన్నాను. అందుకే నేను కళ్ల పనిలోకి వచ్చాను."

ఎన్నో ఏళ్లుగా తను సగమే ఎరిగిన ఆ సంగతిని కత్తెర కూడా అప్పుడే మొదటిసారి పూర్తిగా విన్నది. అక్క గొంతు వణకలేదు. తాళాలామె మాత్రం బల్ల మీద రెండు చేతులూ ఆనించి, కింద పెదవి కొరుక్కుంటూ నిలబడిపోయింది.

"నేనూ చెప్పాను ఆయనకి" అంది చివరికి, చాలా చిన్న గొంతుతో. "మా తమ్ముడి సంగతి. మొన్ననే."

"అంతా చెప్పారా?"

ఆమె ఆలోచించింది. "లేదు. కస్టమర్ వస్తే ఆపాను. ఇవాళ మిగతాది చెప్తానన్నాను."

బల్ల మీద ఫోన్ మోగింది. తెర మీద అతని పేరు. అది అక్కాచెల్లెళ్లకు తెలిసిన పేరు కాదు, వేరే ఏదో పేరు. ఫోన్ వణుకుతూ బల్ల మీద మెల్లగా జరుగుతోంది. దాని వణుకుకు గోడ మీది తాళంచెవులు కూడా సన్నగా మోగుతున్నట్టనిపించింది. తాళాలామె చెయ్యి ఒకసారి ముందుకొచ్చింది. ఆగింది. మోగి మోగి ఫోన్ ఆగిపోయింది. మళ్లీ మోగింది.

ఆమె కొట్టు తలుపు మూసి, కొత్త తాళం అమర్చడానికి పనిముట్లు తీసింది. మరలు విప్పుతూ, వెనక్కి తిరక్కుండానే అంది: "కూర్చోండి. మా తమ్ముడి సంగతి మీకు చెప్తాను. అదీ మొదట్నుంచి చివరిదాకా."