పొగ అలారం పలికిన మాట

దసరాకు అక్కకు చీర పెట్టాలి. చీరలు నేసే మనిషికి చీరేమిటి, నా తలకాయ! అందుకే పొగ అలారం కొన్నాను.

గద్వాలలో మా అక్క లక్ష్మీదేవమ్మ మగ్గం ఉన్న గదిలోనే పడుకుంటుంది. బావ బాలస్వామి పోయినప్పటి నుంచి ఆయన ఫోటో ముందు దీపం ఆరనివ్వదు. చుట్టూ పట్టు, నూలు. చెబితే వింటుందా? వినదు. వనపర్తి నుంచి మోసుకొచ్చి, నేనే స్టూలెక్కి దూలానికి బిగించాను.

"ఏందే సుమనా గిది?"

"పొగొస్తే మొత్తుకుంటదక్కా. నిద్రల ఉన్నా లేపుతది."

"నీ పిచ్చి పాడుగాను," అని నవ్వింది.

చలికాలం పోయాక ఒకరోజు పొద్దున ఫోన్ చేసింది. "మీ బావ మాట్లాడుతుండే." గొంతులో ఏడుపు లేదు, సంతోషం ఉంది. నాకు భయమేసింది. దొరికిన బస్సెక్కాను.

వెళ్లేసరికి మగ్గం ఆగి ఉంది. నేసిన చీర కోసి మడత పెట్టింది. మగ్గానికి పాత పోగుల కొసలు వేలాడుతున్నాయి. మామూలుగా అయితే ఆ కొసలకే కొత్త అచ్చు, అంటే నిలువు పోగులు, అతికి మళ్లీ నేత మొదలుపెట్టాలి. కొత్త అచ్చు మూట విప్పనే లేదు. దాని పక్కన బీపీ మాత్రలు, అవీ విప్పలేదు.

"గోలీలు ఏసుకుంటలేవా?"

"ఎందుకే? ఈ అచ్చు ఒడిసినంక నన్ను తీస్కపోతవా అని అడిగిన. ఔనన్నడు. ఇయ్యాల ఒడిసింది."

పైన దూలం దగ్గర "కిచ్" మంది. అక్క వెంటనే వేలితో నేల తట్టి "సత్యం" అంది. ఒక మాట అనగానే బల్లి పలికితే ఆ మాట నిజమవుతుందని మా ఇళ్లలో అట్లా తడతారు.

"మొదలు బల్లే అనుకున్న. కాదే. మీ బావ అందులకెళ్లి పలుకుతుండు," అంటూ అలారాన్ని చూపించింది.

నాకు ఒళ్లు మండిపోయింది. కాపాడుతుందని నేనిచ్చిన వస్తువే మనిషిని చావుకు ఒప్పించిందా! స్టూలెక్కి దాన్ని పీకి, బ్యాటరీ ఊడబెరికి ఆమె ముందు పడేశాను.

"బావ గాదు, బ్యాటరీ అయిపోయింది! అయిపోయేముందు గిట్లనే అరుస్తది. జర తెలివి తెచ్చుకో!"

అక్క ఆ ఖాళీ డబ్బాను ఒళ్లోకి తీసుకుంది. "ఏమయ్యా, లేవా?" అని అడిగింది. చప్పుడు లేదు. మళ్లీ అడిగింది. ఆ ముఖం నేను చూడలేకపోయాను.

"ఉన్నడంటే పోయేతందుకు తయ్యారుంటి. లేడంటే ఇంక ఉండుడెందుకే?" అని మాత్రలను అవతలికి తోసేసింది.

నా నోరు పడిపోను! ఏం చేయాలో తోచక డబ్బాను లాక్కున్నాను. "బావా, నీ కాళ్లు మొక్కుత. అక్క ఇంకో అచ్చు నేసేదాకా తీస్కపోవు గద?"

"కిచ్."

బ్యాటరీ నేల మీదే ఉంది. బల్లి కోసం గోడలన్నీ, ఫోటో వెనకా వెతికాను. ఎక్కడా లేదు. అక్క మాత్రం నేల తట్టింది. మాత్ర మింగింది. మూట విప్పి, మగ్గం ముందు కూర్చుని పోగులు అతకడం మొదలుపెట్టింది. ఎవరు పలికితే నాకేం, మనిషి దక్కింది. సంతోషంతో నాకు ఏడుపొచ్చింది.

కాసేపటికి తలెత్తకుండానే అంది: "ఒక్క అచ్చే అడిగితివేమే, సుమనా?"

గబుక్కున డబ్బాను నోటి దగ్గర పెట్టుకున్నాను. "పది, బావా. పది అచ్చులు." అది పలకలేదు. "పోనీ, రెండు..."

అక్క పోగులు అతుకుతూనే ఉంది.