నెమలి రంగుల ఫైలు

కొత్త మిషను కుట్టిన మొదటి నెమలికి మెడ ఎర్రగా, ముక్కు ఆకుపచ్చగా వచ్చింది. ప్రత్తిపాడులో మా కోటేశ్వరి మేడం కంప్యూటర్ ఎంబ్రాయిడరీ షాపుకి పేరు తెచ్చిందే ఆ నెమలి. ఆవిడ సొంతంగా గీసుకున్న డిజైను. పెళ్ళికూతుళ్ళు దాని కోసమే వెతుక్కుంటూ వస్తారు. అలాంటి నెమలి ఆ అవతారంలో బయటికొచ్చేసరికి ఆవిడ మిషన్ని చూడలేదు, నన్ను చూసింది.

"ఫైల్లో ఏం కెలికావు అర్ఫా?"

నాకు ఒళ్ళు మండింది. అక్కడ మిషను నడిపేది నేనే, నిజమే. కానీ ఆవిడ అనుమానం ఎక్కడిదో నాకు తెలుసు. మా పిన్ని కూతురు నస్రత్ ఈ మధ్యనే నల్లపాడులో ఇలాంటి షాపే పెట్టింది. అప్పటినుంచి నేను ఫోన్ తీస్తే మేడం మెడ ఇటు తిరుగుతుంది. పెన్‌డ్రైవు ముట్టుకుంటే కుర్చీ ఇటు జరుగుతుంది.

"ఏం కెలకలేదు మేడం. కుట్టు ఫైల్లో సూది ఎటు పోవాలో, దారం ఎక్కడ మార్చాలో మాత్రమే ఉంటుంది. ఏ రంగు వెయ్యాలో పక్కనే అదే పేరుతో ఉన్న ఈ చిన్న ఫైల్లో ఉంటుంది. పాడైపోయిన పాత మిషను రెండూ చదివేది. కొత్తదానికి ఈ చిన్నది అర్థం కావట్లేదు. అందుకని తనకి తోచిన రంగులు వేసుకుంది."

"మిషనుకి తోచడమేంటి? ఎవరికి చెప్తున్నావు?"

రంగులు చేత్తో పెడదామంటే, ఈక ఈకకీ దారం మారే నెమలి అది. ఎక్కడ ఏ రంగో ఆవిడకే గుర్తు లేదు. ఆ రెండు ఫైళ్ళనీ కలిపి కొత్త మిషను చదివేలా మార్చే సాఫ్ట్‌వేర్ కావాలి. అది ఎవరి దగ్గరుందో చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెప్పక తప్పలేదు.

"నస్రత్ దగ్గరుంది."

మేడం నవ్వింది. ఆ నవ్వు కంటే చెంపదెబ్బే నయమనిపించింది.

"అదీ సంగతి! ముందు పాడుచెయ్యడం, తర్వాత బాగుచేయిస్తానని నా డిజైను అక్కడికి మోసుకెళ్ళడం. బాగానే ఉంది ప్లాను."

దొంగ అని పేరు పడితే ఈ చుట్టుపక్కల ఇంకో షాపు మెట్టెక్కనివ్వరు. "మీరే రండి. పెన్‌డ్రైవు మీ చేతిలోనే ఉంచుకోండి," అన్నాను. మర్నాటికి పెళ్ళి జాకెట్టు ఇవ్వాలి కాబట్టి వచ్చింది. ఆటోలో హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, దానిమీద రెండు చేతులూ వేసి కూర్చుంది. రోడ్డు పక్కన కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటుకి తుమ్ము మీద తుమ్ము వస్తున్నా చేతులు తియ్యలేదు.

నస్రత్ కూడా తక్కువ తినలేదు. "ఆవిణ్ణి నా షాపుకి ఎందుకు తెచ్చావక్కా? నా డిజైన్లు చూసిపోవడానికా?" అని నా చెవిలో గొణిగింది. అయినా నా ముఖం చూసి కంప్యూటర్ ముందు కూర్చుంది. కుట్టు ఫైలు తెరిస్తే నెమలి వచ్చింది గానీ అన్నీ పిచ్చి రంగులు. చిన్న ఫైలు దానికి జోడించగానే నీలం మెడ, పసుపు ముక్కు ఎక్కడివక్కడ కూర్చున్నాయి. దాన్ని కొత్త మిషను చదివే రకంలోకి మార్చి పెన్‌డ్రైవులో వేసింది.

మేడం పెన్‌డ్రైవు లాక్కుంది. "మీ దగ్గర ఏం మిగల్లేదుగా?"

"లేదండీ," అంది నస్రత్.

సాయంత్రానికి జాకెట్టు మీద నెమలి ముద్దుగా దిగింది. మేడం నా భుజం మీద చెయ్యి వేసి, "ఏమనుకోకమ్మా, నాదే తప్పు," అంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బరువు దిగిపోయి ఇంటికి నడిచాను.

అన్నం తింటుంటే నస్రత్ ఫోన్ చేసింది.

"అక్కా, ఆ సాఫ్ట్‌వేర్ మార్చిన ప్రతిదానికీ తనంతట తనే ఒక కాపీ దాచుకుంటోంది. ఇప్పుడే చూశాను. మీ మేడం నెమలి ఇక్కడుంది. తీసేస్తున్నాలే."

కంచం పక్కకి జరిపాను. నిజంగా తీసేస్తుందా? ఆ నెమలి నల్లపాడులో ఒక్క జాకెట్టు మీద కనిపిస్తే చాలు, దొంగని నేనే. అసలు ఇప్పుడే చూసిందా, ముందే తెలుసా? మేడం అడిగినప్పుడు అంత చప్పున లేదని ఎలా అంది? చిన్నప్పుడు నా చెయ్యి పట్టుకుని బడికి నడిచిన పిల్ల గురించి నేను ఇవన్నీ అనుకున్నాను.

పొద్దున్నే నల్లపాడు వెళ్ళాను. షట్టరు తీస్తున్న నస్రత్ నన్ను చూసి నవ్వింది.

"ఏంటక్కా ఇంత పొద్దున్నే? రా, టీ తాగుదువు."

"ఆ కాపీ..."

"అప్పుడే తీసేశాగా?"

"ఒకసారి చూస్తాను."

నవ్వు పోయింది. కంప్యూటర్ ఆన్ చేసి, కుర్చీ నావైపు జరిపింది. ఫోల్డరు తెరిచాను. నెమలి లేదు. అక్కడితో ఆగాల్సింది. తీసేసినవి పడే బుట్ట కూడా తెరిచాను. ఖాళీ. పేరు మార్చి ఎక్కడైనా దాచిందేమోనని మిగతా ఫోల్డర్లన్నీ తిరగేశాను. లేదు.

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. నస్రత్ తన ఫోన్ లాక్ తీసి నా ముందు పెట్టింది.

"ఇందులో కూడా చూసుకో అక్కా," అంది. "మళ్ళీ మా షాపుకి రావాల్సిన పని లేకుండా."