‘చాలండీ’ ఆటలో ఆఖరి ఘట్టం

"కాపీకా! దానికి అడగడం దేనికండీ బాబూ! ఎంతమంది వచ్చినా పర్లేదండి, రండి!" అని ఫోనులోకి అరిచి, అవతలివాడు నోరు మూసేలోపే పెట్టేశాడు వెంకటరమణ.

ఫోను ఆయనది కాదు, కూతురు శ్రీకళది. మలికిపురంలో ఆయన కొబ్బరికాయల కొట్టుకి క్యారేజీ తెచ్చిన పిల్ల, ఫోను బల్ల మీద పెట్టి, లారీకి అడ్డంగా ఉన్న స్కూటీ తీయడానికి వెళ్ళింది. అంతలో అది మోగింది. హైదరాబాదు నుంచి దత్తసాయి అనే ఆయన చెప్పింది ఏమిటంటే, "మీ గేము కాపీ అని మాకు అనుమానం, రేపు మధ్యాహ్నం నేనే వచ్చి తేల్చుకుంటాను" అని. కానీ లారీలోకి కాయలు దబదబా పడుతున్నాయి. ఆ దెబ్బలు తప్పించుకుని వెంకటరమణ చెవిదాకా చేరినవి గేము, కాపీ, రేపు. ఆ ఇంట్లో కాఫీని కాపీ అనే అంటారు. ఇంకేముంది, అనుమానంగా బయల్దేరినవాడు అభిమానంగా దిగబోతున్నాడు.

"అమ్మలూ, మీ గేముల కంపెనీ ఆయన రేపు మనింటికి కాపీకి వస్తాడంట!"

శ్రీకళ స్కూటీతో సహా గంతేసినంత పని చేసింది. "ఒప్పందం మీద సంతకాలకే అయ్యుంటుంది నాన్నా!"

ఆ ఒప్పందం కోసమే ఆమె రెండేళ్ళుగా కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూస్తోంది. కాయల వ్యాపారి కూతురు కదా, ఆ మాత్రం కాస్తాయి. అంతకు ముందు హైదరాబాదులో ఉద్యోగం చేసేది. ఒకే పిండితో ఇడ్లీ, దోసె, పునుగు వేసినట్టు, ఒకే ఆటకి రంగులు మార్చి కొత్త ఆటలంటూ వదిలే కంపెనీ అది. మిఠాయిలు పేల్చే ఆటలో మిఠాయిలు తీసి పళ్ళు పెట్టమన్నారు. పెట్టింది. పళ్ళు తీసి రత్నాలు పెట్టమన్నారు. "ఇలా పళ్ళు రాలగొట్టుకునే కంటే మా నాన్నలా కాయలు రాలగొట్టుకోవడం నయం" అని ఇంటికి వచ్చేసి, తన బుర్రతో తన సొంత ఆట తయారుచేసుకుంది. పేరు ‘చాలండీ’. అది దత్తసాయి కంపెనీ విడుదల చేస్తే సరే. లేకపోతే పాత కంపెనీవాళ్ళు మళ్ళీ పిలుస్తున్నారు. ఈసారి రత్నాలు తీసేసి మిఠాయిలు పెట్టాలిట.

కాపీకి వస్తానన్నవాడికి భోజనం పెట్టడం, భోజనానికి వస్తానన్నవాడికి పెళ్ళిభోజనం పెట్టడం ఆ ఇంటి రివాజు. తల్లి మాధవీలత ఆ సాయంత్రమే పనసపొట్టు కొట్టించింది. పక్కింటి సూరిబాబు కంద తెచ్చి వంటింటి గుమ్మంలో నిలబడి, "పెళ్ళిచూపులాండీ చెల్లెమ్మగారూ?" అని ఆరా తీశాడు. నోట్లో పోపుగింజలున్న మాధవీలత "ఊఁ" అంది. ఆ ఊఁ ఊరంతా అయింది.

మర్నాడు దత్తసాయి కారు దిగాడు. సన్నగా, సీరియస్‌గా, సంకలో లాప్‌టాప్ సంచితో, పరీక్ష హాలుకి వచ్చిన స్క్వాడ్ మనిషిలా ఉన్నాడు.

"నమస్కారమండీ. కాపీ విషయం..."

"కాపీ ఎక్కడికి పోతుందండీ! ముందు కాళ్ళు కడుక్కోండి," అన్నాడు వెంకటరమణ, చెంబు చేతిలో పెట్టి.

"అది కాదండీ, కాపీ సంగతి ముందు తేలిపోతే..."

"ఖాళీ కడుపుతో కాపీ ఏంటి బాబూ, పైత్యం చేస్తాది," అంది మాధవీలత.

ఆయనకి ఊపిరి ఆడేలోపు అరటాకు ముందు బాసింపట్టు వేయించారు. పక్కన శ్రీకళ తన లాప్‌టాప్ తెరిచి ఆట పెట్టింది. తెర మీద ఒక అతిథి అరటాకు ముందు కూర్చుని ఉన్నాడు. నాలుగు వైపుల నుంచీ అత్తలు, పిన్నులు, బాబాయిలు గరిటెలతో అలలు అలలుగా వస్తారు. అతిథి ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాలి, "చాలండీ" అనాలి, కడుపు పగిలేలోపు ఆకు మడవాలి. అదీ ఆట.

"చూశారా, అలలు అలలుగా రావడం, అడ్డం పెట్టుకునే డాలు..." అని ఆయన తెర వైపు వేలు చూపించాడు. ఆ వేలు ఆకు మీంచి లేచిన ఫలితంగా ఆకులో పూర్ణం బూరె పడింది.

"ఒక్కటేనండి," అంది మాధవీలత.

"అయ్యో వద్దండీ."

ఇంకొకటి పడింది. ఆ ఇంట్లో మొదటి వద్దు మర్యాద, రెండో వద్దు మొహమాటం, మూడో వద్దు ఆకలి. నాలుగోది లేదు. ఆయన వద్దన్నకొద్దీ వడ్డన, వడ్డనకొద్దీ వద్దన. గట్టిగా అరచెయ్యి అడ్డం పెట్టాడు. వెంకటరమణ చెక్కుచెదరకుండా ఆ వేళ్ళ సందుల్లోంచి బూరె గుంటలోకి గురిచూసి నెయ్యి పోశాడు. నెయ్యి పోయనిదే నెయ్యం కుదరదని ఆయన సిద్ధాంతం.

దత్తసాయి చేతి వంక చూసుకున్నాడు. తెర వంక చూశాడు. తెరలో బాబాయి కూడా వేళ్ళ సందుల్లోంచే పోస్తున్నాడు.

"ఇది... ఇది రెండో లెవెలు కదూ!"

"ఆయ్," అంది శ్రీకళ. "ఇప్పుడు వెనకనించి వస్తారు, చూసుకోండి."

ఆయన వెనక్కి తిరిగాడు. వెనక ఎవరూ లేరు. ముందుకి తిరిగేసరికి ముక్కల పులుసుతో సూరిబాబు ఉన్నాడు. "మోసం!" అని కేకపెట్టాడు దత్తసాయి, కానీ అప్పటికే నవ్వు వచ్చేసింది. చొక్కా చేతులు పైకి మడిచాడు. పులిహోరని ఎడమచేత్తో కాచుకున్నాడు. ఫోను మోగినట్టు నటించి గుమ్మడి వడియాల గండం గడిచాడు. "భలే భలే!" అని సూరిబాబు చప్పట్లు కొట్టాడు, గరిటెతోనే. కాసేపటికి ఎవరు ఆడుతున్నారో, ఎవరు వడ్డిస్తున్నారో తెలియనంత గోలైంది. చివరికి దత్తసాయి ఒక్క ఉదుటున ఆకు మడిచేసి, రెండు చేతులూ ఎత్తి, "గెలిచాను!" అని అరిచాడు.

గరిటెలన్నీ గాల్లోనే ఆగిపోయాయి. మడిచిన ఆకులో వడ్డించేవాడు మనిషి కాడు.

మూల కుర్చీలో శ్యామలాంబగారు కూర్చుని ఉన్నారు, వెంకటరమణ తల్లి. ఇందాకటి నుంచీ ఆవిడ గరిటె పట్టలేదు, పలకలేదు. ఇప్పుడు మెల్లిగా అన్నారు.

"పోన్లే బాబూ. మడిచేసుకో. మా చేతివంట నీకు ఎక్కడ నచ్చుతుందిలే."

అంతే.

దత్తసాయి చేతులు కిందికి దిగాయి. గొంతు దిగింది. కన్ను చెమర్చినట్టే ఉంది, ఆవపెట్టిన కూర వల్ల కావచ్చు. ఆయన వంగి, మడిచిన ఆకుని మళ్ళీ విప్పాడు.

"కొంచెం... పెరుగన్నం పెట్టించండి, మామ్మగారూ."

అది తిని, వేళ్ళు నాకి, ఆయన శ్రీకళ వైపు తిరిగాడు. "నిన్న ఫోనులో చెప్పిందే మళ్ళీ చెప్పేస్తాను. సంతకాలకి రాలేదు. మీ ఆట కాపీ అని మా ఆఫీసులో అన్నారు. కోటని కాపాడుకునే ఆటలు లక్ష ఉన్నాయి, రాక్షసుల్ని తీసి అత్తల్ని పెట్టింది అన్నారు. రద్దు చేద్దామని వచ్చాను."

శ్రీకళ మొహం మాడిన అప్పడమైంది. మిఠాయిలు, పళ్ళు, రత్నాలు అన్నీ కళ్ళముందు గిర్రున తిరిగాయి. కానీ ఆ నాన్న కూతురు కదా, గొంతు తగ్గలేదు.

"అలలుగా రావడం, అడ్డం పెట్టుకోవడం అందరివీనండీ. అది నిన్నటి పెరుగు. తోడు వెయ్యకుండా ఎవరింట్లోనైనా పాలు తోడుకుంటాయా? పాలు మాత్రం మావేనండీ!"

"ఒప్పుకున్నాను. మీ పాలన్నీ ఇప్పుడే నా పాలబడ్డాయి," అని ఆయన పొట్ట నిమురుకున్నాడు. "కానీ ఆఖరి లెవెల్లో పది చేతుల పెద్దమ్మ నిప్పుల బూరెలు విసురుతుంది చూడండి, అది ఎవరింటి పాలు?"

శ్రీకళ తల దించుకుంది. "అది... ఆఖర్న ఏం పెట్టాలో తోచక, అందరూ భూతాన్ని పెడతారని నేనూ పెట్టేనండి."

"అదొక్కటీ కాపీ. పైగా ఉత్త దండగ. నేను ఇంతమంది మీద గెలిచి, ఎవరి చేతిలో ఓడిపోయానో చూశారుగా?"

శ్రీకళ తలెత్తి మామ్మని చూసింది. ఎప్పుడూ అక్కడే కూర్చునే మామ్మ. ఆమె కళ్ళు బూరెల్లా గుండ్రంగా అయ్యాయి.

"ఆఖర్న ఎవరూ రారు! ఖాళీ గది, కుర్చీలో మామ్మ, ఒకే ఒక్క మాట! ‘లేస్తాను’ నొక్కినా, ‘వడ్డించండి’ నొక్కినా ఆకు మళ్ళీ తెరుచుకుంటుంది!"

"మరి గెలవడం ఎలా?"

"కుదరదండీ!"

"అది నేనెక్కడా ఆడలేదు," అని దత్తసాయి, చింపేద్దామని తెచ్చిన ఒప్పందం సంచిలోంచి తీశాడు. "భూతం పోయి మామ్మగారు వస్తే, సంతకం ఇప్పుడే."

"నన్ను అందులో చంపుతారా ఏవిటే?" అన్నారు శ్యామలాంబగారు.

"నిన్నెవరూ చంపలేరు మామ్మా!"

ఈలోగా గేటు దగ్గర సగం వీధి చేరింది. సూరిబాబు మధ్యలో ఎప్పుడు వెళ్ళి వచ్చాడో, పట్టుచొక్కాలో ఉన్నాడు. "ముహూర్తం ఎప్పుడండీ?" అని అక్కణ్ణించే అరిచాడు.

శ్రీకళ ఒప్పందం ఊపుకుంటూ అరుగెక్కింది. "అందరూ వినండి! ఇవి పెళ్ళిచూపులు కావు. ఈయన కాఫీకి రాలేదు. నా ఆట ఇంకోళ్ళ దగ్గర కాపీ కొట్టేనేమోనని పట్టుకోడానికి వచ్చేరు. లారీ మోతలో నాన్నకి అది తాగేదానిలా వినిపించింది. నాన్న చెప్పింది నేను నమ్మేను, అమ్మ పోపు నోట్లో పెట్టుకుని ఊఁ అన్నది మీరు నమ్మేరు. అంతేనండి!"

వెంకటరమణ నాలిక్కరుచుకున్నాడు. వీధంతా గొల్లుమని నవ్వింది.

"అయితే ఇంతకీ కాపీ కొట్టినట్టా, కొట్టనట్టాండీ?" అన్నాడు సూరిబాబు, పట్టుచొక్కా గుండీలు విప్పుకుంటూ.

"కొట్టలేదండీ!"

"మరి కొట్టకపోతే ఈయన ఇంత తినడం దేనికండీ?"

గుమ్మం పట్టుకుని నిలబడ్డ దత్తసాయి, పక్కకి ఒరిగిపోకుండా జాగ్రత్తగా నవ్వాడు.

"అనుమానం తీర్చుకోడానికండీ. కడుపునిండా తీరింది."