అక్క వారం

అనసూర్య ట్యూషన్‌కు వచ్చినప్పుడల్లా సుగుణమణి మొహం మాడిపోతోందని పక్క క్వార్టరు లింగవ్వ కనిపెట్టింది. పిల్ల చూడ్డానికి బాగుంటుంది, అంద్రెయ దాన్ని తెగ మెచ్చుకుంటాడు, మొగుణ్ణి ఓ కంట కనిపెట్టమని పొయ్యి దగ్గరికే వచ్చి చెప్పింది. సుగుణమణికి నవ్వొచ్చింది. కుళ్ళు నిజమే. కానీ అది పిల్ల మీద కాదు, మొగుడి మీద.

పైకి అంటే ఎవరు నమ్ముతారు? మొగుడికి పేరొస్తే పెళ్ళాం సంబరపడాలి కదా.

నిరుడు ప్రత్యేక రాష్ట్రం ఆందోళనలో బడులు మూతపడితే కాలనీ పిల్లల్ని పోగేసి చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం చెప్పడం మొదలుపెట్టింది ఆమే. మిషన్ హాస్టల్లో చదివిన రోజుల్లో సోషల్లో ఆమెను మించినవాళ్ళు లేరు. గనిమీద కార్మికులకు దీపాలిచ్చే గదిలో గుమాస్తా అయిన అంద్రెయ మొదట విసుక్కున్నాడు. పిల్లల తండ్రులు దారిలో ఆపి నమస్తే పెట్టడం మొదలయ్యాక విసుగు పోయింది. సాయంత్రం ఇంట్లో ఉండే వారాలన్నీ తానే చెబుతానన్నాడు. ఆమె రాసిపెట్టిన నోట్సు చూసి చదివేవాడు, ఆమె లోపల రొట్టెలు చేస్తూ వినేది. ఆయన మధ్యాహ్నం రెండో షిఫ్టుకు పోయే వారం మాత్రం ఆమెకు మిగిలింది, మూడింట ఒకటి. పిల్లలు దాన్ని అక్క వారం అనేవారు.

అలాంటి వారంలోనే, మన దేశంలో బొగ్గు ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్నకు అనసూర్య ఒకటో ఇంక్లయిన్, రెండో ఇంక్లయిన్ అంటూ ఊళ్ళో గనులన్నీ వరసగా రాసింది. సుగుణమణి కొట్టెయ్యలేదు. పిల్ల వేలు పట్టుకుని దేశపటం మీద ఝరియా, రాణీగంజ్ చూపించి, అక్కణ్ణుంచి గోదావరి దాకా లాక్కొచ్చింది. ఆ పిల్ల ఇక పటం వదల్లేదు. బడులు తెరిచాక సోషల్లో బడికంతటికీ మొదటి మార్కు తెచ్చుకుంది. తండ్రి గట్టయ్య వచ్చి అంద్రెయకు కొత్త తువ్వాలు కప్పాడు. అంద్రెయ ఆ వేలి ముచ్చట తనదిగా చెప్పుకున్నాడు, ఎట్లా పట్టుకున్నాడో చూపిస్తూ మరీ. మధ్యలో చాయ్ పెట్టమన్నాడు. ఆమె పెట్టింది. ఆ తువ్వాలు లాగి పొయ్యిలో వెయ్యాలన్నంత మంట పుట్టింది.

పబ్లిక్ పరీక్షల వారం ఆయనకు రెండో షిఫ్టు పడింది. ఆమె ఆ వారం కోసమే కాచుకుని ఉంది. శనివారం అన్నం తింటూ, తోటి గుమాస్తా సదయ్యతో షిఫ్టు మార్చుకున్నానన్నాడు.

"పరీక్షలప్పుడు పోరగాండ్లను నీకొదిలితే ఎట్ల? అందరు నన్నే అడుగుతరు. నువ్వు నోట్సు రాసియ్యి, సాలు."

ఆమె మజ్జిగ పోసింది. ఆదివారం ప్రార్థన అయ్యాక పాస్టరు భార్య సాయమ్మను కలిసి, చర్చి వరండా సాయంత్రాలు వాడుకోవడానికి అడిగి, సరేననిపించుకుని వచ్చింది.

సోమవారం పిల్లలు వచ్చి కూర్చున్నారు. మర్నాడే సోషల్ పరీక్ష. మూడో పానిపట్టు యుద్ధంలో మరాఠాలు ఎందుకు ఓడారని అనసూర్య అడిగింది. అంద్రెయ అలవాటుగా వంటింటి వైపు చెయ్యి చాచాడు. నోట్సు రాలేదు. ఆయన నుదుటి మీద చెమట చూస్తే సుగుణమణికి హాయిగా అనిపించింది, ఆ హాయికి సిగ్గూ వేసింది.

"మణీ, జర నువ్వే చెప్పు," అన్నాడు గొంతు తగ్గించి.

ఆమె చేతులు తుడుచుకుని బయటికొచ్చింది.

"ఈ వారం గూడ మీరే తీసుకున్నరు గద సారూ," అంది. పిల్లల వైపు తిరిగింది. "సారు దగ్గర చదువుకునేటోళ్ళు ఈడనే కూసోండ్రి. నా దగ్గర చదువుకునేటోళ్ళు చర్చి వరండాకు రండ్రి. ఇగ అన్ని వారాలు గక్కడ్నే."