తోకచుక్కా, జొన్ననామూ

పెళ్లైన నెల తిరక్కుండానే మొగుడు తనను తోకచుక్క చూపించడానికి తీసుకెళుతున్నాడని మణిమాలకు ఒకటే సంబరం. ఏన్కూరులో ఫొటో స్టూడియో నడిపే వెంకటనారాయణ భుజాన కెమెరా, బీయెస్సీ చదివిన ఆమె చేతిలో టీ ఫ్లాస్కు. తెల్లవారుజామున ఊరి చివర కోసేసిన తమ జొన్నచేనికి వచ్చారు. పశువులు పడకుండా దారికి అడ్డంగా వేసిన ముళ్లకంపను మణిమాలే పక్కకు లాగింది.

అడవి మీద, ఎవరో పిండివేలితో గీసినట్టు తోకచుక్క.

"దాంట్లో సైనైడు ఉందండీ," అంది టీ పోస్తూ.

"విషమా? ఆడికెవరు మోసిండ్రు?"

"ఎవరూ మోయలేదు. సూర్యుడు పుట్టకముందు అంతా ధూళిమబ్బు, గడ్డకట్టే చలి. ఆ చలిలోనే హైడ్రోజనూ కార్బనూ నైట్రోజనూ ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. అట్లనే మంచులో ముడుచుకుని ఉండిపోయినయి. ఇప్పుడు ఎండ తగిలి ఆవిరై బయటికొస్తున్నాయి."

"మనలెక్క ముడుచుకున్నయన్నమాట," అంటూ అతను దుప్పటి ఆమె మీదికీ కప్పాడు. నవ్వుకుంటూ తిరిగొచ్చేటప్పుడు కంప సంగతి ఇద్దరికీ గుర్తు లేదు.

స్టూడియోలో ఫిల్ము కడిగారు. బొమ్మ చెరిగిపోకుండా నిలిపే హైపో ఉప్పు డబ్బా అడుగున మిగిలిందంతా నీళ్లలో కలిపేశాడతను. నెగెటివ్ మీద తోకచుక్క నల్లగా పడింది. మణిమాల చప్పట్లు కొట్టింది.

పొద్దెక్కాక చేనివైపు నుంచి ఏడుపు వినబడింది. అడవి అంచున పోడు చేసుకునే ముత్తక్కది. ఆమె ఎడ్ల జత తెరిచి ఉన్న చేలో పడి, మొన్నటి వానకు జొన్నమోళ్ల నుంచి లేచిన లేతపిలకలు మేసింది. నాము. ఆ పిలకల్లో ఉండేదీ సైనైడే. రెండెడ్లూ నురగ కక్కుతూ ఎగశ్వాస తీస్తున్నాయి.

సైనైడుకు హైపో విరుగుడని మణిమాల కాలేజీలో చదివింది. స్టూడియోకి పరుగెత్తి, ఫిల్ము కడిగిన ట్రేలో మిగిలిన హైపో నీళ్లు సీసాలోకి వంపుకొచ్చింది. ఒక ఎద్దుకు సరిపోతాయేమో.

"దేనికి పొయ్యాలి, ముత్తక్కా?"

ముత్తక్క రెండింటి వైపూ చూసింది. "నన్నడుగకు బిడ్డా. బతికేదానికి పొయ్యి."

వెదురుగొట్టంతో ఎర్రెద్దు గొంతులో పోసింది. అది మింగుతుండగానే పక్కన తెల్లెద్దు కాళ్లు తన్నుకుని ఆగిపోయాయి. మధ్యాహ్నానికి ఎర్రెద్దు వణుకుతూ లేచింది.

"ఇదంతా తోకచుక్క చేటు," అన్నాడు మామగారు చెంచురామయ్య, కంప పడి ఉన్న చోటుకు అడ్డంగా నిలబడి. చుట్టూ ఉన్నవాళ్లు అవ్, అవ్ అన్నారు.

మణిమాల వైపు చూసి వెంకటనారాయణ వద్దన్నట్టు తలాడించాడు.

"ఆ చుక్కలోని విషం ఆడ్నే ఉంటది, ముత్తక్కా," అంది మణిమాల. "కంప తీసింది నేను. మళ్లా వెయ్యలే."

ముత్తక్క కాడికి ఒంటిగా మిగిలిన ఎద్దు పలుపు చేతికి చుట్టుకుంది.

"చుక్కయితే ఇంత పసుపేసి మొక్కుకుందును," అంది. "నిన్నేం జేసుకోను బిడ్డా?"