తుంటి కీలుకు పాత పేరు

ఇలా నా పక్కకు జరిగి కూర్చోండర్రా, గొంతెత్తి చెప్పే సంగతి కాదిది.

మా చెల్లెలికి తుంటి అరిగిపోయింది. మంచం దిగాలంటే గోడే దిక్కు. కొత్త కీలు వేస్తామన్నాడు డాక్టరు. అరగని, తుప్పు పట్టని కొత్త లోహమట. చెల్లెలికి ఆ మాట చాల్లేదు. మన పిల్ల చూసి సరే అంటేనే ఆపరేషన్ బల్ల ఎక్కుతానని భీష్మించింది. మన పిల్లంటే నా మనవరాలు. ఒంట్లో పెట్టే లోహాల మీదే దాని చదువంతా.

అది లైబ్రరీలో కంప్యూటరు ముందు కూర్చుని ఆ లోహం పేరు కొడితే, ఎక్కడెక్కడి పరిశోధనలన్నీ వచ్చి పడ్డాయట. తిండి మరిచి అన్నీ చదివింది. ఎక్కడా ఒక్క చెడ్డ మాట లేదు.

"చేయించుకో చిన్నమ్మమ్మా, భయం లేదు" అంది.

నడిచింది మా చెల్లెలు, అబద్ధమెందుకు. మెట్లెక్కి నా గదికొచ్చి, లేవవే ముసల్దానా అని నన్నే వెక్కిరించేది. ఏడాది తిరక్కముందే తొడ వాచింది. కోసి చూస్తే లోపల నల్లటి మడ్డి, చుట్టూ కుళ్ళిన కండ. కీలు తీసేశారు. మళ్ళీ వేయడానికి గట్టి ఎముక మిగల్లేదు.

మనవరాలు మళ్ళీ లైబ్రరీకి పరిగెత్తింది. ఈసారి పేరు వదిలేసి, ఆ లోహంలో ఏమేం కలిపారో వాటితో వెతికింది. అప్పుడు బయటపడ్డాయి పాత పరిశోధనలు. అదే లోహం, వేరే పేరు. గొర్రెలకు వేసి చూస్తే ఇదే నల్లటి మడ్డి పట్టిందని ఎప్పుడో రాసి పెట్టారు. కంపెనీవాళ్ళు లోహం పేరు మార్చి అమ్మారు, మా పిల్ల కొత్త పేరుతోనే వెతికింది. అత్తింటి పేరు చెప్పి అడిగితే పుట్టింటి వీధిలో ఎవరు గుర్తుపడతారు?

ఆ కాగితాలతో ఆసుపత్రికొచ్చి చెల్లెలి కాళ్ళ దగ్గర నిలబడింది. అప్పటికే చీము నెత్తుట్లో కలిసిందన్నారు. ఏమిటే అవి అని చెల్లెలు అడిగితే, దాచకుండా చెప్పింది.

"నన్నూ రాయవే, ఆ గొర్రెల పక్కన" అంది చెల్లెలు. "రెండు పేర్లూ వేసి రాయి. ఏ పేరుతో వెతికినా నేను దొరకాలి."

ఆ వారం దాటలేదు మా చెల్లెలు.

మనవరాలు రాసింది, రెండు పేర్లూ వేసి. అలాంటి రాతల్లో రోగి పేరు మాత్రం ఉండకూడదట, మా చెల్లెలి పేరుండాల్సిన చోట 'ఒక వృద్ధురాలు' అని ఉందంతే. అందుకే మీకు చెప్పాను. ఎవరి ఒంట్లోనైనా ఏదైనా పెడతామంటే, దీని పాత పేరేమిటని అడగండి. ఎవరు అడగమన్నారంటే, మా చెల్లెలి కథ చెప్పండి.