మల్లక్క తెచ్చుకున్న డబ్బ

గోదావరిఖనిల బొగ్గుగని క్వార్టర్ల వరుసల మనుషుల కంటె నల్లులే ఎక్కువ. సారవ్వ పోరు పడలేక ఆమె తమ్ముడు ఊళ్లె మిరప చేనుకు కొట్టంగ మిగిలిన ఎండ్రిన్ మందు తెచ్చిచ్చిండు. మంచం కోళ్లల్ల పోసింది, నల్లులు సచ్చినయి. ఖాళీ డబ్బను పెంటకుప్ప మీద ఇసిరేసి, పీడ పోయిందని సబ్బుతోని చేతులు కడుక్కున్నది. పోయిందట పీడ, ఎక్కడికి పోతది?

ఆ వరుసల ఏదన్న పారేసుడంటే ఇంకొకరికి ఇచ్చినట్టే. అందుల మూత గట్టిగున్న డబ్బాయె, ఎవలు ఇడుస్తరు!

తెల్లారి పగటిపూట సూస్తే పక్కింటి మల్లక్క వాకిట్ల అదే డబ్బ తళతళ మెరుస్తున్నది. మీది కాయితం గీకేసింది, బూడిదతోని తోమింది, అప్పుడే పల్లినూనె తెచ్చి అండ్ల పోసుకున్నది. మొదటి షిఫ్టు దిగొచ్చే మొగడు రాయమల్లుకు గారెలు చెయ్యాలెనని పొయ్యి మీద మూకుడు పెట్టుకొని కూసున్నది.

సారవ్వ ఆ డబ్బను గుర్తువట్టింది. చెప్పుదామంటే ఇద్దరికి మాటల్లేవు. నల్ల కాడ బిందెల లొల్లి అయినకాన్నుంచి ఏమన్న అనాల్నంటే కోడినో మేకనో అడ్డం పెట్టుకొని అనుడే. అందుకే సారవ్వ తన కోడిని పిలిచి, కొందరు విషం డబ్బల నూనె పోసుకున్నరు, ఇంటిల్లిపాది దవాఖాన పాలైతరని గట్టిగ చెప్పింది. మల్లక్క తన మేక దిక్కు తిరిగి, పారేసిన డబ్బ మెరిసేసరికి కొందరికి కడుపు మండుతున్నదని జవాబిచ్చింది. సారవ్వ మళ్ల కోడికి చెప్పింది. మల్లక్క మళ్ల మేకకు చెప్పింది. మేకకేం ఫికర్, దాని చూపంత గారెల పిండి మీదనే.

గింతల షిఫ్టు అయిపోయిందని గని సైరన్ కూసింది. మల్లక్క డబ్బ మూత తీసి మూకుట్లకు వంచబోయింది.

ఇగ సారవ్వకు పంతం గింతం యాదికి రాలె. కొంగు నడుముకు చెక్కి ఉరికి, డబ్బ పట్టి గుంజింది. మల్లక్క ఆమె కొప్పు దొరకవట్టింది.

"అక్కా, నా కొడుకు మీద ఒట్టు, అది ఎండ్రిన్ డబ్బ."

మల్లక్క కొప్పు వదిలింది. కొడుకు మీద ఒట్టు ఎవలూ ఉత్తగ పెట్టుకోరు. అక్కడనే కూలబడి రాయమల్లును తలుసుకొని వలవల ఏడ్చింది. సారవ్వకు సుత ఏడుపు ఆగలె.

ఏడుసుడు అయినంక మల్లక్క ముక్కు తుడుసుకొని నిలేసింది.

"విషమని ఎరికుండి మంచిగున్న డబ్బను గట్లెట్ల పారేస్తివే? అప్పుడే ఓ పొక్క కొడితే నేనెందుకు తెచ్చుకుందు?"

నల్ల కాడ ఎవలకూ లొంగని సారవ్వకు మస్తు సిగ్గయింది. గడ్డపార తెచ్చి, నల్లకు దూరంగ, క్వార్టర్ల ఎనుక లోతుగ బొంద తవ్వింది. చేతులకు గుడ్డ చుట్టుకొని నూనె అండ్ల పోసింది. డబ్బను కింద పెట్టి గడ్డపారతోని ఒక్కటి పొడిచింది. మల్లక్క వంగి డబ్బను ఇటు అటు తిప్పి ఆ పొక్కను చూసింది.

"ఇంకో నాలుగు పొడువు. ఒక్కటే అయితే నేనే పేలిక కుక్కి వాడుకుంట."